ఫోర్‌రన్నర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మాది 2014 టయోటా ఫోర్‌రన్నర్ ఎస్‌ఆర్5, ఫోర్ వీల్ డ్రైవ్. 92 వేల మైళ్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంతవరకు మార్చలేదు. డీలర్ దగ్గర అడిగితే ‘అది లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోవద్దు’ అన్నారు. ఇంకో షాపు వాళ్లు మెషిన్‌తో ఫ్లష్ చేస్తామంటున్నారు. ఇన్ని మైళ్ల తర్వాత కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్సే పోతుందని మా బావమరిది భయపెడుతున్నాడు. ఇంజిన్ ఆయిల్ నేనే మార్చుకుంటాను, బ్రేక్ ప్యాడ్లు కూడా వేసుకున్నాను. దీనికి డిప్‌స్టిక్ లేదు కాబట్టి ఎంత పోయాలో తెలియడం లేదు. ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో కూడా ఇదే ఆయిల్ పోయాలా? హైదరాబాద్‌లో నాన్నగారి ఫార్చ్యూనర్‌కి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

జవాబు: మార్చుకోవచ్చు. బ్రేక్ ప్యాడ్లు వేసుకున్న చేతికి ఇది కష్టమైన పనేం కాదు. మీ బండి ఎత్తు ఎక్కువ కాబట్టి జాకీ కూడా అక్కర్లేదు, నేల మీద పడుకుని కిందికి దూరిపోవచ్చు. పాత ఆయిల్ దింపడం, కొత్తది ఎక్కించడం గంటలో అయిపోతాయి. తేడా వచ్చేదంతా లెవెల్ చూసే దగ్గరే. ఇంట్లో చేసుకున్నవాళ్ల గేర్‌బాక్స్‌లు ఇబ్బంది పెట్టాయంటే, చాలావరకు కారణం వేడి ఆయిల్ మీద లెవెల్ చూసి తక్కువ పోసి వదిలేయడమే. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాం.

ముందు మీ బావమరిది భయం సంగతి. ఆ మాట ఊరికే పుట్టలేదు. గేరు జారుతోందనో, డి లో వేశాక బండి ఆలస్యంగా అందుకుంటోందనో గమనించాకే చాలామందికి ఆయిల్ మార్చాలన్న ఆలోచన వస్తుంది. అప్పటికే లోపల క్లచ్ ప్లేట్లు అరిగిపోయి ఉంటాయి. ఆయిల్ మార్చినా, మార్చకపోయినా ఆ గేర్‌బాక్స్ ఎక్కువ కాలం నడవదు. మార్చిన వారానికి ఆగిపోయిందంటే నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండి గేర్లు ఇప్పుడు సాఫీగా మారుతున్నాయా? అయితే భయం లేదు. జారుడు, కుదుపు లాంటివి ఉంటే మాత్రం ఆయిల్ జోలికి వెళ్లకుండా ముందు స్కానర్‌తో బండి కంప్యూటర్‌లోని ఎర్రర్ కోడ్‌లు చదివించండి.

‘లైఫ్‌టైమ్’ అనే మాటని కూడా కొంచెం జాగ్రత్తగా వినాలి. ట్రెయిలర్ లాగేవాళ్లు, పైన క్యారియర్ వేసుకుని బరువుతో తిరిగేవాళ్లు 60 వేల మైళ్లకు ఈ ఆయిల్ మార్చాలని టయోటా అమెరికా మెయింటెనెన్స్ పుస్తకంలోనే ఉంది. టెక్సస్ ఎండల్లో, ట్రాఫిక్‌లో 92 వేల మైళ్లు తిరిగిన ఆయిల్‌ని మార్చడం తొందరపాటు అని ఎవరూ అనలేరు.

మెషిన్‌తో పాత ఆయిలంతా ఒక్కసారే బయటికి తోసేసే ఫ్లష్ మాత్రం మా సలహా కాదు. మీ గేర్‌బాక్స్ ఐసిన్ తయారీ ఎ750ఎఫ్, ఐదు గేర్లది. మొత్తం సుమారు 11 క్వార్టుల (క్వార్టంటే లీటరుకు కాస్త తక్కువ) ఆయిల్ పడుతుంది. కింద డ్రెయిన్ ప్లగ్ తీస్తే అందులోంచి 3 క్వార్టులే దిగుతుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, వాల్వ్ బాడీలో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అంటే ఒకసారి దింపి పోస్తే 27 శాతం కొత్తదవుతుంది. రెండోసారికి 47, మూడోసారికి 61, నాలుగోసారికి 72 శాతం. మూడుసార్లు చేసి ఆపేయండి, ఆ పైన చేసే శ్రమకి ఫలితం తగ్గుతూ వస్తుంది. ఒక్కో విడతకీ మధ్య ఐదారు వందల మైళ్లు తిరగనిస్తే సరిపోతుంది. అన్ని గేర్లూ పడేలా కాసేపు నడిపినా ఆయిల్ కలిసిపోతుంది, కానీ రోజుల తరబడి నడిపితే లీకులేమైనా ఉంటే ఈలోపే బయటపడతాయి. ఇలా విడతలుగా మారిస్తే గేర్‌బాక్స్‌కి ఒక్కసారిగా ఏ మార్పూ తెలియదు.

ఆయిల్ టయోటా డబ్ల్యూఎస్. సీసా మీద ‘ఏటీఎఫ్ డబ్ల్యూఎస్’ అని ఉంటుంది. ఐసిన్, ఇడెమిట్సు కూడా దీనికి సరిపోయేవి అమ్ముతాయి. డెక్స్‌రాన్ 3 గానీ, పాత టయోటాల్లో వాడిన టైప్ టి-4 గానీ పోయకండి. డబ్ల్యూఎస్ వాటికంటే పల్చన, క్లచ్‌లు పట్టుకునే తీరు దీని లెక్కకే కుదిర్చి ఉంటుంది. పన్నెండు క్వార్టుల పెట్టె ఒకటి కొంటే మూడు విడతలకూ వచ్చి కాస్త మిగులుతుంది. దాంతో పాటు డ్రెయిన్ ప్లగ్‌కీ, ఓవర్‌ఫ్లో ప్లగ్‌కీ కొత్త వాషర్లు, ఫిల్ ప్లగ్‌కి కొత్త ఓ-రింగ్ తెచ్చుకోండి. చేతి పంపు ఒకటి కావాలి. పంపు లేకపోతే ఇంజిన్ పక్కనుంచి కిందికి పొడవాటి పారదర్శక పైపు దించి గరాటాతో కూడా పోయవచ్చు. అలా చేయాలంటే పైన పోసేవాడొకడు, కింద చూసేవాడొకడు ఉండాలి.

ఇప్పుడు ప్లగ్‌లు గుర్తుపట్టడం. ముందు బండి అడుగున రక్షణగా ఉండే రేకు, అంటే స్కిడ్ ప్లేట్ విప్పండి, దాని బోల్టులు 12 ఎంఎం. గేర్‌బాక్స్ కింద వెడల్పుగా, చదునుగా, చుట్టూ చిన్న బోల్టులతో కనిపించేదే పాన్. దానికి 14 ఎంఎం తలతో ఉన్నది డ్రెయిన్ ప్లగ్. అదే పాన్‌కి 5 ఎంఎం అలెన్ కీ పట్టే ఇంకో ప్లగ్ ఉంటుంది, అది ఓవర్‌ఫ్లో. దాని లోపల నిలువుగా ఒక చిన్న గొట్టం ఉంటుంది. ఆ గొట్టం పై అంచే మీ డిప్‌స్టిక్ అనుకోండి. ఫిల్ ప్లగ్ పైన, ప్యాసింజర్ వైపు గేర్‌బాక్స్ పక్కన, ఎగ్జాస్ట్‌కి దగ్గరగా ఉంటుంది. దాని తల 24 ఎంఎం. ఇంజిన్ ఆపి ఎక్కువసేపు కాకపోతే ఆ ఎగ్జాస్ట్ చేతులు కాల్చేస్తుంది, మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకోండి.

అన్నిటికంటే ముందు ఫిల్ ప్లగ్ వదులు చేయండి. డ్రెయిన్ ప్లగ్ తీసి ఆయిలంతా దింపాక ఫిల్ ప్లగ్ రాకుండా మొండికేస్తే ముందు నుయ్యి వెనుక గొయ్యి అవుతుంది. పోయడానికి దారి ఉండదు, షాపు దాకా నడపడానికి ఆయిల్ ఉండదు. అది వదులైందని తేలాకే కింది ప్లగ్ మీద చేయి వేయండి.

పాన్‌కి వెనకాల ఉన్న అల్యూమినియం డబ్బా ట్రాన్స్‌ఫర్ కేస్. దాని వెనక ముఖాన ఒకదాని పైన ఒకటి రెండు ప్లగ్‌లుంటాయి. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో తొలిసారి పని చేసేవాళ్లు పొరపాటున విప్పేది వీటినే. కింది ప్లగ్ తీస్తే వచ్చేది చిక్కగా, గేర్ ఆయిల్ ఘాటు వాసనతో ఉందంటే తప్పు ప్లగ్ తీశారని అర్థం. వెంటనే బిగించి, ఎంత దిగిందో అంత పైనుంచి పోయండి. మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో డబ్ల్యూఎస్ పోయకూడదు. దానికి టయోటా ఎల్‌ఎఫ్ 75డబ్ల్యూ గేర్ ఆయిల్, ఎస్‌ఆర్5 లాంటి పార్ట్‌టైమ్ రకానికి సుమారు ఒక లీటరు పడుతుంది. పై ప్లగ్ రంధ్రం అంచు దాకా వచ్చిందంటే నిండినట్టే. అక్కడ వేడితో పనిలేదు. డిఫరెన్షియళ్లు మళ్లీ వేరు, వాటికి వేరే ఆయిల్.

పని రాత్రంతా నిలబెట్టిన బండి మీద పొద్దున్నే మొదలుపెట్టండి. కారణం తర్వాత చెబుతాం. నేల సమంగా ఉండాలి. ముందు చక్రాల కింద ర్యాంపులు పెడితే లెవెల్ తప్పు వస్తుంది. మీ డ్రైవ్‌వే వాలుగా ఉంటే గ్యారేజీ లోపల చేయండి, కానీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంచాలి. ఇంజిన్ నడుస్తుండగా కింద ఉండాల్సిన పని ఇది, మూసిన గ్యారేజీలో పొగ ప్రాణాలు తీస్తుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ లీవర్ టూ-హై (టూ వీల్ డ్రైవ్) లో ఉందని ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో పడితే గేర్‌బాక్స్ పార్క్‌లో ఉన్నా చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. కారు నడిపే అలవాటుతో పార్క్‌ని నమ్మి కిందికి దూరకండి.

డ్రెయిన్ ప్లగ్ తీసి, దిగినదంతా కొలత గీతలున్న డబ్బాలోకి పట్టండి. ఎంత దిగిందో రాసుకోండి. ఇంత మైలేజీకి ఆయిల్ ముదురు గోధుమ రంగులోకి మారి ఉంటుంది, అది మామూలే. ప్లగ్ చివర బూడిద రంగు మెత్తని ముద్ద పేరుకుంటే అదీ మామూలే. గోటితో గీస్తే తగిలే లోహపు తునకలు గానీ, మాడిన వాసన గానీ ఉంటే కొత్త ఆయిల్ మీద డబ్బు పెట్టే ముందు మెకానిక్‌కి చూపించండి. ఆయిల్ గులాబీ రంగు మిల్క్‌షేక్‌లా వచ్చిందా, ఇక అక్కడితో పని ఆపేయండి. రేడియేటర్ లోపలున్న కూలర్ చిట్లి, కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి వచ్చిందన్నమాట. బండిని స్టార్ట్ కూడా చేయకుండా టో చేయించాలి.

డ్రెయిన్ ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి 20 న్యూటన్ మీటర్లకు, అంటే 15 ఫుట్ పౌండ్లకు బిగించండి. ఇప్పుడు దిగినంత ఆయిల్, దాని పైన ఇంకో 400 మిల్లీలీటర్లు ఫిల్ ప్లగ్ రంధ్రంలోంచి ఎక్కించండి. ఓవర్‌ఫ్లో ప్లగ్ మూసే ఉండాలి. ఈ అదనం ఎందుకంటే, లెవెల్ చూసేటప్పుడు ఎక్కువైనది దానంతటదే కారిపోతుంది. తక్కువైతే మాత్రం మళ్లీ పంపు పట్టుకోవాలి, ఈలోపు ఆయిల్ వేడెక్కి సమయం దాటిపోతుంది. పోస్తుండగా పై రంధ్రంలోంచి పొర్లితే కంగారు పడకండి, మిగతాది ఇంజిన్ స్టార్ట్ చేశాక పోయవచ్చు. ఫిల్ ప్లగ్ చేత్తో తిప్పి ఉంచండి.

ఇక లెవెల్. ఇంజిన్ ఆగి ఉంటే పైనున్న ఆయిల్ కొంత పాన్‌లోకి జారుతుంది, అప్పుడు ఓవర్‌ఫ్లో తీస్తే ధారగా కారుతుంది. ‘ఎక్కువైంది కాబోలు’ అని అంతా కారనిస్తే ఓ లీటరుకు పైనే తక్కువ పడుతుంది. అందుకే ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగానే చూడాలి. ఏసీ ఆపేయాలి, ఏసీ ఉంటే ఐడిల్ పెరుగుతుంది. బ్రేక్ తొక్కి లీవర్‌ని పి నుంచి చివరి దాకా ఒక్కో స్థానంలో రెండు మూడు సెకన్లు ఆపుతూ నడిపి మళ్లీ పి లోకి తెండి, సర్క్యూట్లన్నీ నిండుతాయి.

ఓవర్‌ఫ్లో తీయాల్సింది ఆయిల్ 46 నుంచి 56 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు. ఫారెన్‌హీట్‌లో 115 నుంచి 133. ఈ పరిధికి కారణం ఉంది. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. మీ గేర్‌బాక్స్‌లో ఉన్నంత ఆయిల్ 50 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు వెళితే దాదాపు 300 మిల్లీలీటర్లు పెరుగుతుంది. 90 డిగ్రీల దగ్గర లెవెల్ చూసి ‘కారడం ఆగింది, సరిపోయింది’ అనుకుంటే ఆ 300 మిల్లీలీటర్లు తక్కువ పోసినట్టే. చల్లని పొద్దున డి లో వేశాక బండి ఒక క్షణం ఆలోచించి కదులుతుంటే అనుమానించాల్సింది మొదట దీన్నే. అదే మరీ చల్లగా ఉన్నప్పుడు చూస్తే ఎక్కువ పడుతుంది. ఎక్కువైన ఆయిల్ వేడెక్కాక గేర్లకు తగిలి నురగ కడుతుంది, నురగతో ప్రెషర్ నిలవదు, గాలి పోయే గొట్టం (బ్రీదర్) లోంచి బయటికి కూడా తన్నుతుంది.

ఫ్రిస్కోలో ఎండాకాలం మధ్యాహ్నం గ్యారేజీయే నలభై డిగ్రీలుంటుంది. ఆఫీసు నుంచి రాగానే మొదలుపెడితే గేర్‌బాక్స్ 85 దాటి ఉంటుంది, చల్లారేసరికి రాత్రి అవుతుంది. అందుకే పొద్దున్నే అన్నాం. చల్లటి బండిని స్టార్ట్ చేస్తే ఆయిల్ నెమ్మదిగా 46 దాటుతుంది, 56 చేరేలోపు మీకు కొన్ని నిమిషాలు దొరుకుతాయి. అలెన్ కీ, కొత్త వాషర్ వేసిన ప్లగ్, ఆయిల్ పట్టే గిన్నె, నింపిన పంపు అన్నీ చేతికందేలా ముందే సర్దుకోండి.

ఉష్ణోగ్రత చూడటానికి రెండు దారులున్నాయి. బండి కంప్యూటర్ నుంచి టయోటా గేర్‌బాక్స్ విలువలు చదవగల ఓబీడీ స్కానర్ ఉంటే పాన్ టెంపరేచర్ చూడండి. పక్కనే టార్క్ కన్వర్టర్ టెంపరేచర్ కూడా కనిపించవచ్చు, అది వేరు. పాన్ మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి చూసే పద్ధతిని నమ్మకండి. అది రేకు వేడిని చూపిస్తుంది, లోపలి ఆయిల్ అంతకంటే ఎక్కువ వేడిగా ఉంటుంది.

స్కానర్ లేకపోతే బండే చెబుతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు స్టీరింగ్ కిందున్న ఓబీడీ సాకెట్‌లో 4, 13 పిన్‌లను చిన్న వైరుతో కలపండి. వెడల్పు వైపు పైకి ఉన్నట్టు చూస్తే పై వరసలో ఎడమ నుంచి నాలుగోది 4, కింది వరసలో ఎడమ నుంచి అయిదోది 13. కింది వరస చివర ఉన్న 16లో నేరుగా బ్యాటరీ కరెంటు ఉంటుంది, వైరు దాని దరిదాపులకు వెళ్లకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేయండి, డ్యాష్‌బోర్డు లైట్లు మిణుకుమంటాయి, అది సహజం. బ్రేక్ తొక్కి పట్టుకుని లీవర్‌ని ఎన్ కీ డి కీ మధ్య చకచకా, ఆరు సెకన్లకు తగ్గకుండా ఆడించండి. డి లైటు రెండు సెకన్లు వెలిగితే బండి ఆయిల్ వేడిని చూపే మోడ్‌లోకి వెళ్లినట్టు. పి లో పెట్టి వైరు తీసేయండి. ఇక డి లైటు ఆరి ఉంటే ఆయిల్ ఇంకా చల్లగా ఉంది, నిలకడగా వెలిగితే సరైన వేడి, మిణుకుమంటే దాటిపోయింది. ఇంజిన్ ఆపితే ఈ మోడ్ పోతుంది, మళ్లీ మొదటినుంచి చేయాలి.

డి లైటు వెలగగానే కిందికి దూరి ఓవర్‌ఫ్లో ప్లగ్ తీయండి. ముందు సన్నని ధార వస్తుంది. అది తెగి బొట్లు బొట్లుగా మారే క్షణంలో ప్లగ్ పెట్టేయండి. బొట్లు పూర్తిగా ఆగేదాకా చూస్తూ కూర్చోవద్దు, ఆయిల్ వేడెక్కుతున్న కొద్దీ కారుతూనే ఉంటుంది. అసలేమీ రాకపోతే పైనుంచి ధార మొదలయ్యేదాకా కొద్దికొద్దిగా పంపు చేయండి. ఓవర్‌ఫ్లో కూడా 20 న్యూటన్ మీటర్లే. ఫిల్ ప్లగ్ 39 న్యూటన్ మీటర్లు, అంటే 29 ఫుట్ పౌండ్లు.

ఆ 39 అంకె దగ్గర ఒక తిరకాసు ఉంది. పాన్ విప్పి లోపల ఆయిల్‌ని వడగట్టే స్ట్రెయినర్ మార్చాలనుకునేవాళ్లకు పాన్ బోల్టుల టార్క్ కూడా 39 అనే రాసి కనిపిస్తుంది. కానీ అది ఇంచ్ పౌండ్లలో, అంటే 4.4 న్యూటన్ మీటర్లే. ప్లగ్‌కి పెట్టిన రెంచ్‌తోనే ఆ 20 చిన్న బోల్టులను బిగిస్తే కొన్ని తెగుతాయి, గ్యాస్కెట్ నలిగి పక్కలకు పొంగుతుంది, లీకు అక్కడే మొదలవుతుంది. మీ విషయంలో ఈసారికి పాన్ విప్పకండి. లోపలి అయస్కాంతాలు ఇనుప పొడిని పట్టి ఉంచుతాయి, స్ట్రెయినర్ ఈ మైలేజీకి మూసుకుపోదు. మనసొప్పకపోతే మూడో విడతలో విప్పండి, అయస్కాంతాలు తుడిచి, కొత్త గ్యాస్కెట్ వేసి, పావు అంగుళం చిన్న టార్క్ రెంచ్‌తో ఎదురెదురు బోల్టులు బిగిస్తూ రండి.

స్కిడ్ ప్లేట్ ఎక్కించే ముందు ఓ పదిహేను మైళ్లు తిరిగొచ్చి మూడు ప్లగ్‌లనూ టార్చ్‌తో చూడండి. పాత ఆయిల్ సీసాల్లో పోసి ఆటోజోన్ లాంటి షాపుకి తీసుకెళితే డబ్బు అడగకుండా తీసుకుంటారు. కూలెంట్ కలిసిన ఆయిల్ మాత్రం తీసుకోరు.

నాన్నగారి ఫార్చ్యూనర్ సంగతి. 2016 తర్వాతి 2.8 డీజిల్ ఆటోమేటిక్‌లోనూ డబ్ల్యూఎస్సే పోస్తారు. కానీ గేర్‌బాక్స్ వేరు, ఆరు గేర్లది. కాబట్టి 46–56 అంకెలనూ, ప్లగ్ సైజులనూ, టార్క్‌లనూ ఇక్కడి నుంచి అక్కడికి మోయకండి, దాని సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నవే వాడాలి. అక్కడ షాపులో చేయించేటప్పుడు నాన్నగారు మెకానిక్‌ని ఒక్క మాట అడిగితే చాలు: ‘లెవెల్ చూసేటప్పుడు ఆయిల్ ఎన్ని డిగ్రీలుందో స్కానర్‌లో చూపించు బాబూ.’ చూపించలేకపోతే బండి వేరే చోటికి తీసుకెళ్లమనండి.